డాన్‌జిగ్ ధాన్యం

1980 ఆగస్టు 24, ఆదివారం

ఇవాళ ఆరాధన అయ్యాక, చర్చి బేస్‌మెంట్‌లో భోజనాల దగ్గర నేను ఉన్నట్టుండి ముఖ్యుణ్ణయ్యాను. ఈ తెలుగు సహవాసంలో ఇన్నాళ్లూ నా వంతు పని కుర్చీలు మడతపెట్టడం. ఇవాళ సుందర్ రాజ్ పులిహోర ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"బ్రదర్, టీవీలో చూపిస్తున్నారే, పోలండ్‌లో షిప్‌యార్డ్ స్ట్రైకు. మీరు పీహెచ్‌డీ చేసింది ఆ ఊరి మీదేగా?"

"ఆ ఊరి మీదే. కాకపోతే నాది మూడొందల యాభై ఏళ్ల కిందటి ఊరు."

"అప్పుడూ స్ట్రైకులేనా?"

సుందర్ రాజ్ ఇన్సూరెన్స్ అమ్ముతాడు. సహవాసానికి సెక్రటరీ. దేవుడు వాడికి గొంతు ఇచ్చి, ఇక చాల్లే అనుకున్నాడు.

అయినా చెప్పాను. బాల్టిక్ ఒడ్డున డాన్‌జిగ్ అనే రేవు ఉండేదని, పోలండ్ పొలాల్లో పండిన రై ధాన్యం విస్తులా నది మీద తెప్పల్లో అక్కడికి దిగేదని, అక్కణ్ణుంచి డచ్చివాళ్ల ఓడలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ చేరేదని, సగం యూరప్ ఆ రొట్టె తిని బతికిందని. రై అంటే గోధుమకి పేద చెల్లెలని. ఆ డచ్చివాళ్లే మన బందరొచ్చి కలంకారీ గుడ్డలు కొనుక్కుపోయారని. అంటే మా నాన్నమ్మ పుట్టిన వీధికీ, ఆ రేవుకీ బేరగాడు ఒక్కడేనని.

సుందర్ రాజ్ పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాడు. "అయితే ప్రాబ్లం అంతా కమ్యూనిజం అంటారు," అన్నాడు చివరికి.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుతున్నావేమిటని అడిగాడట. ఆ చెవిటివాడు నయం, కనీసం నావైపు చూశాడు.

కార్‌లో దీనమ్మ అంది, "పాపం, అడిగాడుగా. ఇంకాస్త మామూలుగా చెప్పకూడదా?" దీనమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆవిడకి అందరూ పాపమే.

సెప్టెంబరు 11

డీన్ కోరిక మీద కాలేజీ క్యాంటీన్‌లో పోలండ్ గురించి ఉపన్యసించాను. దైవాశీర్వాదం అనే నా పేరుని ఈ కాలేజీ ఏనాడో 'డేవ్' అని కత్తిరించింది. పోస్టర్ మీద అదీ తప్పే, 'డేవిడ్' అని వేశారు.

డాన్‌జిగ్ రేవులోని పాత చెక్క క్రేన్ బొమ్మ చూపించాను. పెద్ద చక్రం లోపల మనుషులు నడుస్తుంటే బరువులు పైకి లేచేవి. ఆ చక్రంలో నడిచినవాళ్ల కూలి ఎంతో, ఏ ఏడాది ఎంత పెరిగిందో నేను చెప్పగలను. ప్రపంచంలో అది చెప్పగలిగినవాళ్లు నలుగురైదుగురికి మించరు. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. అందులో చిట్టెలుకలు కూడా నడుస్తాయా అని అడిగాడు. డీన్ నవ్వాడు. సగంలో లేచి వెళ్లిపోయాడు.

డిసెంబరు 17

డాన్‌జిగ్ షిప్‌యార్డ్ గేటు ముందు మూడు పెద్ద సిలువలు నిలబెట్టారు. పదేళ్ల కిందట అక్కడ కాల్పుల్లో పోయిన కార్మికుల గుర్తుగా. టీవీలో చూపించినంతసేపూ, ఆ జనం వెనకాల ఏదైనా పాత గోపురం కనబడుతుందేమోనని చూశాను. అన్నీ తలకాయలే.

1981 ఏప్రిల్ 9

వచ్చింది.

వచ్చే ఏడాది ఫిబ్రవరి నుంచి ఐదు నెలలు, డాన్‌జిగ్ నగర గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవడానికి ఫెలోషిప్. ఇంతకు ముందు రెండుసార్లు వాళ్లు కాదన్నారు. నా పుస్తకం ఇన్నేళ్లూ ఆగిపోయింది ఆ గ్రంథాలయం గుమ్మం బయటే. ఇక వాళ్ల కాన్సులేట్ వీసా వేయడమే తరువాయి.

"అక్కడి చలికి మంచి బూట్లు కావాలి," అంది దీనమ్మ.

"డాడీ, అక్కడ ఫుడ్ లేదు కదా?" అంది జ్యోతి. దానికి పద్నాలుగేళ్లు, ఇక్కడే పుట్టింది. దాని తెలుగు అమెరికా రోడ్ల మీద నడిచిన తెలుగు. "న్యూస్‌లో లైన్స్ చూపిస్తున్నారు. నువ్వు ఏం ఈట్ చేస్తావ్?"

ఒక మనిషి జీవితకాలపు కోరిక తీరిన రోజున ఇంట్లో బూట్ల గురించీ తిండి గురించీ మాట్లాడారని ఇక్కడ రాసిపెడుతున్నాను.

జూన్ 7

నా ప్రయాణానికి ఇన్సూరెన్స్ చేస్తానని సుందర్ రాజ్ ఇంటికొచ్చాడు. నేను పోతే దీనమ్మకి ఏమేమి వస్తుందో విడమరిచి చెప్పాడు. నా గురించి మాట్లాడుతూ వాడంత హుషారుగా ఉండటం ఎన్నడూ చూడలేదు.

నవంబరు 15, ఆదివారం

ఇవాళ పాస్టర్ వంటగదిలోకి వచ్చాడు. మా సహవాసానికి గుడి అద్దెకిచ్చిన తెల్ల పాస్టర్. మంచివాడే. మంచివాళ్లు అడిగే సహాయాలే ప్రమాదం.

నెవార్క్ రేవులో ఆగిన పోలిష్ ఓడలోంచి ఒకడు దిగిపోయాడట. ఓడ వెళ్లిపోయింది. వాడు పాస్టర్ ఇంట్లో సోఫా మీద ఉన్నాడు. కాథలిక్కు. అయినా ఇక్కడి పోలిష్ గుళ్లకి వెళ్లడానికి భయం. కాన్సులేట్‌కి కబుర్లు మోసేవాళ్లు అక్కడ ఉంటారట.

"డేవ్, నువ్వు వాళ్ల భాష చదువుతావు కదా."

"చదువుతాను. పదిహేడో శతాబ్దానిది."

వీలు కాదని మర్యాదగా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. ఈలోగా దీనమ్మ చేతులు తుడుచుకుంటూ, "మా బేస్‌మెంట్‌లో మంచం ఉంది. ఫర్నేస్ పక్కనే, వెచ్చగా ఉంటుంది," అనేసింది. ఇంగ్లీషులో, పాస్టర్‌కి అర్థమయ్యేలా.

కార్‌లో అడిగాను. "నా వీసా సంగతి?"

"మీ వీసా ఆ మనిషి జేబులో ఉందా ఏంటి?"

"వాళ్ల ఓడ నుంచి పారిపోయినవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నానని కాన్సులేట్‌కి తెలిస్తే?"

"ఎవరు చెబుతారండీ? నేనా, మీరా?"

రేడియో పెట్టాను.

నవంబరు 16

పేరు మారెక్. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. ఓడలో ఎలక్ట్రీషియన్. ఆ స్ట్రైకు నాయకుడు మొదలుకుని, ఈ మధ్య ఆ దేశంలో ప్రతివాడూ ఎలక్ట్రీషియనే.

స్వేచ్ఛ కోసం దూకాడేమో, మహా కారణమేదో చెబుతాడేమో అనుకున్నాను. వాడు చెప్పింది ఇది. కూతురికి చెప్పులు కొనడానికి ఊళ్లోకి వెళ్లాడు. షాపులో గోడ నిండా పిల్లల చెప్పులు, అన్ని సైజులూ ఉన్నాయి. అప్పటికి వాడు సముద్రం మీద ఉండి నెలలవుతోంది. పిల్ల పాదం ఇప్పుడు ఎంత ఉందో తెలియలేదు. అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు. షాపు మూసేదాకా కూర్చున్నాడు. లేచేసరికి ఓడ వేళ దాటిపోయింది.

"అంటే నువ్వు నిర్ణయించుకోలేదు?"

"నేను కూర్చున్నాను, అంతే," అన్నాడు.

బెంచీ మీద కూర్చుని దేశాన్ని వదిలేసినవాడు చరిత్రలో ఇంకెవడైనా ఉన్నాడేమో చూడాలి.

నా పోలిష్‌లో వాణ్ణి పలకరించాను. కాసేపు విని, దీనమ్మ వైపు తిరిగి వచ్చీరాని ఇంగ్లీషులో, "మీ ఆయన చర్చి ఫాదరా?" అని అడిగాడు. నా మాటలు వాడి ముత్తాత సమాధిలోంచి లేచి మాట్లాడుతున్నట్టున్నాయట.

నవంబరు 26, థ్యాంక్స్‌గివింగ్

టర్కీ కోడి తిన్నాక బల్ల మీద నా నగరపటం పరిచాను. 1640 నాటి డాన్‌జిగ్, నకలు. మారెక్ వంగి చూశాడు.

"గ్దాన్‌స్క్," అన్నాడు.

"డాన్‌జిగ్. అప్పుడు ఆ ఊళ్లోవాళ్లు అలాగే పిలుచుకున్నారు. జర్మన్ మాట్లాడే లూథరన్ షావుకార్లు."

"వాళ్లిప్పుడు లేరు ప్రొఫెసర్. మేమున్నాం. మేం గ్దాన్‌స్క్ అంటాం."

నది మధ్య దీవి చూపించాను. వందల ధాన్యపు కొట్లు, ఒక్కోదానికి ఒక్కో పేరు. రాత్రిళ్లు కుక్కల్ని వదిలి కాపలా కాసేవాళ్లు. యూరప్ ఆకలి తాళంచెవి ఆ దీవి మీద ఉండేది.

"అక్కడ మొండిగోడలే ఉన్నాయి. యుద్ధంలో కాలిపోయాయి, ఎవరూ కట్టలేదు. మేం స్కూల్ ఎగ్గొట్టి అక్కడ సిగరెట్లు కాల్చేవాళ్లం."

"మీ తాతలు ఏ వీధిలో ఉండేవారు?"

"మా తాతది తూర్పున, విల్నో దగ్గర పల్లె. నలభై ఐదులో రైలెక్కించి తెచ్చారు. ఎవరిదో ఇల్లు, తాళంచెవి చేతిలో పెట్టారు. బల్ల మీద కప్పుల అడుగున కాఫీ ఇంకా ఎండలేదని మా బామ్మ చెప్పేది. కడగడానికి ఆమెకి చాలా రోజులు చేతులు రాలేదట."

ఇది నాకు తెలియని సంగతి కాదు. జర్మన్లని పంపేశారు, తూర్పు నుంచి వీళ్లని తెచ్చి నింపారు. నా పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది. 'యుద్ధానంతరం నగర జనాభా మారింది' అని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం చాలునని అప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. అద్దెకున్నవాణ్ణి పట్టుకుని ఇంటాయన వంశవృక్షం అడిగితే ఏం చెబుతాడు?

జ్యోతి వాడి దగ్గర పేకాట ఏదో నేర్చుకుంటోంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు.

డిసెంబరు 4

న్యూయార్క్ వెళ్లాను, వీసా ఇంటర్వ్యూకి. కాన్సులేట్‌లో నా ఎదుట కూర్చున్నవాడు కుర్రవాడు, సూటు బాగుంది. నా దరఖాస్తు తిరగేశాడు.

"ఇక్కడ డాన్‌జిగ్ అని రాశారు. అలాంటి ఊరు లేదు."

"1640లో ఉంది."

"ఇది 1640 కాదు." తర్వాత నవ్వి, చదువుకున్నవాణ్ణని చూపించుకోవడానికి విస్తులా తెప్పల గురించి రెండు ముక్కలు మాట్లాడాడు. నూరేళ్లు తప్పు.

తర్వాత పెన్ను మూత పెట్టి, "మీరు న్యూజెర్సీలో ఉంటారు, చర్చికి వెళతారు," అన్నాడు. "మా నావికులు అప్పుడప్పుడూ దారి తప్పుతారు. వాళ్లని ఎక్కువగా చర్చివాళ్లే చేరదీస్తారు. మీకు ఎవరైనా తారసపడితే, మా దేశానికి రాబోయే మిత్రుడిగా ఒక మాట చెబుతారని ఆశిస్తాను. మీ వీసా సంగతి ఈ నెలాఖరుకి తేలుతుంది."

"మాది తెలుగు చర్చి," అన్నాను. "మా కారం తిని మీవాళ్లెవరూ బతకరు."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇందులో ధైర్యం ఏమీ లేదని స్పష్టంగా రాసుకుంటున్నాను. తెప్పల కాలాన్ని నూరేళ్లు తప్పు చెప్పినవాడికి నేను సమాచారం ఇవ్వడమేమిటి?

డిసెంబరు 5

దీనమ్మకి ఆ ప్రశ్న సంగతి చెప్పలేదు. చెబితే మెచ్చుకుంటుంది. ఆ మెప్పు నేను భరించలేను.

డిసెంబరు 13, ఆదివారం

ఆరాధనకి తయారవుతుంటే రేడియోలో చెప్పారు. పోలండ్‌లో సైనిక పాలన. వీధుల్లో ట్యాంకులు, ఫోన్లన్నీ కోసేశారు, సరిహద్దులు మూశారు, యూనియన్ వాళ్లని నిద్రల్లోంచి లేపి పట్టుకుపోయారు.

నాకు మొట్టమొదట ఏం తోచిందో ఇక్కడ రాయను.

మారెక్ బేస్‌మెంట్ మెట్ల కింద నిలబడి ఉన్నాడు. పైకి రాలేదు. దీనమ్మ కిందకి దిగి, వాడి పక్కన నిలబడింది. చర్చికి మేమెవరమూ వెళ్లలేదు.

డిసెంబరు 19

మధ్యాహ్నం మారెక్ సంచి సర్దుకుని పైకి వచ్చాడు. దీనమ్మ డ్యూటీలో ఉంది, జ్యోతి స్నేహితురాలింటికి వెళ్లింది.

"కాన్సులేట్‌కి వెళతాను. తప్పిపోయానని చెబుతాను. పంపించేస్తారు. భార్యా బిడ్డా అక్కడ ఉన్నారు."

"నువ్వు తెలివితక్కువవాడివని తెలుసుగాని, ఇంతని తెలియదు," అన్నాను. "నీ ఓడ యూనియన్ కమిటీలో నీ పేరుందని నువ్వే చెప్పావు. రేవులోనే పట్టుకుంటారు. జైల్లో మొగుడున్నాడంటే ఆమెకి ఒరిగేదేమిటి?"

"ఇక్కడున్న మొగుడు మాత్రం ఆమెకి ఏం పనికొస్తాడు?"

అని, కోటు మరిచిపోయానంటూ మళ్లీ కిందకి దిగాడు. నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు తెచ్చుకుని, వాడి వెనకే మెట్ల మీద కూర్చున్నాను. బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంటే నా నడుం నొప్పికి కాస్త హాయిగా ఉంటుంది. ఆ మెట్లు ఇరుకు. పైకి రావాలంటే వాడు నన్ను తొక్కుకుని రావాలి. రెండు మూడుసార్లు లేవమన్నాడు. పేపర్ల లోంచి తలెత్తలేదు. ఈ ఏడాది పిల్లలు రాసినంత దరిద్రపు జవాబులు ఇంకెప్పుడూ ఎవరూ రాసి ఉండరు. అన్నీ దిద్దాను.

దీనమ్మ వచ్చేసరికి వాడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "ఇక్కడ కూర్చున్నారేంటి?" అంది.

"నడుం," అన్నాను.

1982 జనవరి 22

ఫెలోషిప్ వాళ్లు కబురు పెట్టారు. ప్రస్తుత పరిస్థితుల్లో కార్యక్రమం నిలిపివేస్తున్నారు. మళ్లీ మొదలైతే, ఏ చిక్కులూ లేనివాళ్లకి ముందు అవకాశం ఇస్తారట.

మారెక్ నా గది గుమ్మంలో నిలబడి, "సారీ ప్రొఫెసర్," అన్నాడు. ట్యాంకులు వాడే పంపినట్టు.

ఫిబ్రవరి 10

నేను డాన్‌జిగ్‌లో ఉండవలసిన రోజు. ఇక్కడ పార్సిప్పనీలో, మా ఇంటి ముందు మంచు తవ్వాను.

మార్చి 28

పోలిష్ వాళ్లని ఇప్పట్లో వెనక్కి పంపేది లేదని ఇక్కడి ప్రభుత్వం ప్రకటించాక, సుందర్ రాజ్ మారెక్‌కి ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో మెయింటెనెన్స్ పని ఇప్పించాడు. వారం రోజులు ఫోన్లు చేసి చేసి ఇప్పించాడు. నాకు ఒక్క మాట గొప్పగా చెప్పుకోలేదు. చెప్పుకుంటాడేమోనని ఎదురు చూస్తున్నాను.

ఇవాళ భోజనాల దగ్గర పాత ప్రతుల గురించి జ్యోతికి చెబుతున్నాను. డాన్‌జిగ్ గ్రంథాలయంలో షావుకార్ల ఉత్తరాలన్నీ ఒక గదిలో ఉన్నాయని, ఆ గదిలో అడుగుపెట్టే అదృష్టం ఇక లేదని.

"హలీనాకి ఆ గది పడదు," అన్నాడు మారెక్, అన్నం కలుపుతూ. ఇప్పుడు చేత్తో తింటున్నాడు. "దుమ్ము. వెళితే తుమ్ములే తుమ్ములు."

"హలీనా ఎవరు?"

"నా భార్య. అక్కడే పని చేస్తుంది."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నాలుగు నెలలుగా నా ఇంట్లో ఉండి ఆ మాట చెప్పలేదేం?"

"మీరు అడగలేదు ప్రొఫెసర్."

దీనమ్మ అంది, "మొదటి వారమే చెప్పాడుగా నాకు. లైబ్రరీ అనీ, పాప పేరు ఓలా అనీ. నేను మీకు చెప్పానే."

చెప్పి ఉంటుంది. ఆ వారం నేను నగరపటాలు చూసుకుంటున్నాను.

మార్చి 29

నిద్ర పట్టలేదు. ముందే తెలిసి ఉంటే, ఫోన్లు కోయకముందే, ఎన్ని నకళ్లు తెప్పించుకుని ఉండేవాణ్ణి.

జులై 11, ఆదివారం

ఆపరేటర్ ద్వారా అడిగితే పోలండ్‌కి ఫోన్లు మళ్లీ కలుపుతున్నారట. మాట్లాడేదంతా వాళ్లు వింటారు, వింటున్నామని మధ్యమధ్యలో చెబుతారు కూడా.

మారెక్ మాట్లాడనన్నాడు. ఓడ దిగిపోయినవాడి పెళ్లామని ఆమెని పిలిపించి అడుగుతూనే ఉంటారట. వాడి గొంతు వినపడితే ఆమె ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. వాడు బతికున్నాడో లేదో ఆమెకి ఈనాటికీ తెలియదు. ఆ రోజు షాపు నుంచి తిరిగి రాలేదన్నంతవరకే వాళ్లకి తెలుసు.

"డాడీ, నువ్వు కాల్ చెయ్," అంది జ్యోతి. "నువ్వు ప్రొఫెసర్ కదా. లైబ్రరీకి ప్రొఫెసర్స్ కాల్ చేస్తారు కదా."

"వద్దు," అన్నాడు మారెక్ వెంటనే. "వినేవాళ్లు పేరు రాసుకుంటారు. ప్రొఫెసర్ ఎప్పటికైనా ఆ ఊరు వెళ్లాలి."

నా బేస్‌మెంట్‌లో పడుకునేవాడు నా మీద జాలిపడుతున్నాడు.

జులై 14

పొద్దున కాఫీ తాగి ఆపరేటర్‌కి నంబరు ఇచ్చాను. కాలేజీకి సెలవులు. లైన్ కలిసేసరికి మధ్యాహ్నం కావచ్చింది, అక్కడ సాయంత్రం. ఇంకాసేపైతే గ్రంథాలయం మూసేసేవారు. దీనమ్మ, జ్యోతి, మారెక్ వంటగదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. మారెక్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, బడిలో పిల్లాడిలా.

మొదట రికార్డు చేసిన గొంతు వచ్చింది. 'సంభాషణ నియంత్రణలో ఉంది. సంభాషణ నియంత్రణలో ఉంది.' తర్వాత ఎవరో మగమనిషి. పాత ప్రతుల విభాగంలో హలీనా గారు కావాలన్నాను. చాలాసేపు అడుగుల చప్పుడు. తర్వాత ఆడగొంతు, నీరసంగా.

"చెప్పండి."

"నేను అమెరికా నుంచి మాట్లాడుతున్నాను. చరిత్రకారుణ్ణి. మీ రేవు ధాన్యం వ్యాపారం మీద పుస్తకం రాస్తున్నాను. ఒక సరుకు గురించి అడగాలి."

"మీరు ఏ భాష మాట్లాడుతున్నారు?"

"పోలిష్," అన్నాను.

ఆమె తుమ్మింది. "క్షమించండి. ఏ సరుకు?"

"శరత్కాలంలో మీ రేవు ఓడలో పడమటికి వచ్చింది. ఓడ తిరిగి వెళ్లింది, సరుకు వెళ్లలేదు. మీ దగ్గర దాని గురించి ఏమని ఉంది?"

"ఏ సంవత్సరం?"

"ఎనభై ఒకటి."

శతాబ్దం చెప్పలేదు. లైన్‌లో ఆ రికార్డు గొంతు మళ్లీ వచ్చి, దాని మాట అది చెప్పుకుని పోయింది. ఆమె ఇంకా ఉందో లేదో తెలియలేదు. మారెక్ నా ముఖం చూస్తున్నాడు.

"మా దగ్గర," అంది చివరికి, చాలా నెమ్మదిగా, "పోయిందని ఉంది. పరదేశపు రేవు నీళ్లలో పోయి ఉండొచ్చని."

"తప్పు. దిద్దుకోండి. నా దగ్గర ఆధారం ఉంది. సరుకు చేరింది. తడవలేదు, పురుగు పట్టలేదు."

"ఎవరు దించుకున్నారు?"

"ఒక పరదేశి. పేరున్న షావుకారేమీ కాదు. ఇంటి కింద కొట్లో పెట్టాడు, పొయ్యి పక్కన. వెచ్చగా ఉంటుంది."

ఆమె ఊపిరి వినిపించింది. "తిరిగి పంపే ఆలోచన ఏమైనా జరిగిందా?"

"ఒకసారి జరిగింది. వద్దని అడ్డుపడ్డారు. ఆ ఏడు మీ రేవు బాగా లేదు."

"బాగా లేదు," అంది. "మంచి పని చేశారు. అక్కడే ఉండాలి. ఇక్కడ ఆ సరుకు కోసం ఎదురుచూసేవాళ్లు ఇద్దరూ క్షేమమే. ఉన్నారని రాయండి మీ పుస్తకంలో."

"రాస్తాను."

తర్వాత ఆమె గొంతు పెంచింది. వినేవాళ్ల కోసమని తెలుస్తూనే ఉంది. "ప్రొఫెసర్ గారికి మా గ్రంథాలయం నుంచి ఏ కాగితాల నకళ్లు కావాలి?"

ఫోన్ కిందే నా జాబితా ఉంది. మూడు పేజీలు. ఎప్పుడో టైపు చేయించుకున్నది, అంచులు నలిగిపోయాయి. నోరు తెరిచాను. అడిగితే ఆమె ఆ కాగితాల కోసం తిరగాలి, సంతకాలు పెట్టాలి, ఎవరికో ఎందుకో చెప్పుకోవాలి.

"ఏమీ వద్దండీ," అన్నాను.

లైన్ కట్ అయింది. వాళ్లు కోశారో, ఆమే పెట్టేసిందో.

మారెక్‌కి ఒక్కో మాటా అప్పజెప్పాను. వాడు బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు. జ్యోతి ఏడ్చింది. ఇంత చిన్న వంటగదిలో ఇంతమంది ఏడిస్తే ఇంక మనిషి ఎక్కడికి పోతాడు? వెనక వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. దీనమ్మ వచ్చి నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లింది. ఏమీ అననందుకు ఆవిణ్ణి క్షమించాను.

1983 నవంబరు 3

ఫెలోషిప్ కార్యక్రమం మళ్లీ మొదలైంది. నా దరఖాస్తు పరిశీలించడం సాధ్యం కాదని కాన్సులేట్ రెండు వాక్యాల్లో తెలిపింది. ఆ రెండు వాక్యాల్లో వ్యాకరణ దోషం ఒకటి.

1984 జూన్ 10, ఆదివారం

నిన్న జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో హలీనా, ఓలా దిగారు. పాస్‌పోర్టులు ఇవ్వడానికి వాళ్ల ప్రభుత్వానికి ఇంతకాలం పట్టింది. నేను వెళ్లదలచుకోలేదు. మారెక్ కారు ఏ ఎగ్జిట్‌లో ఆగిపోతుందో ఎవరికీ తెలియదు, అందుకని డ్రైవ్ చేశాను.

ఆ కుటుంబం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ చోటు సరిగ్గా జనం నడిచే దారికి అడ్డం. సామాన్లవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్లారు. పిల్ల తండ్రిని గుర్తుపట్టలేదు, తర్వాత గుర్తుపట్టింది.

ఇవాళ భోజనానికి మా ఇంటికొచ్చారు. హలీనా సన్నగా, పొడుగ్గా ఉంది. కళ్లజోడు. వంటగదిలో నిలబడి, ఎవరూ చెప్పకుండానే ఫోన్ ఎక్కడుందో చూసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

"మీరు ఆ గదిలోకి రాలేకపోయారు. నేను ఆ గదిలో తొమ్మిదేళ్లు పని చేశాను," అంది. "ఏం తెలుసుకోవాలో అడగండి. గుర్తున్నంతవరకు చెబుతాను."

నా గదిలో జాబితా ఉంది, లేచి వెళ్లి తెచ్చుకోవచ్చు. కలంకారీ సరుకు మీద 1643 నాటి ఉత్తరాలు నాలుగు, రై ధరల పట్టీలు, తూకాల తగాదా ఒకటి.

"ఆ గదికి కిటికీ ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"అందులోంచి ఏం కనబడుతుంది?"

ఆమె నవ్వింది. ఎవరూ ఇంతవరకు అడగలేదట. "గోపురాలు కనబడవు ప్రొఫెసర్, అవి అటువైపు. మా కిటికీలోంచి షిప్‌యార్డే. క్రేన్లు. గాలి ఇటు కొడితే సుత్తి దెబ్బలు వినిపిస్తాయి, షిఫ్టు మారేటప్పుడు సైరన్. ఎనభైలో స్ట్రైకు రోజుల్లో అన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దంలో పని చేయలేక మేం కిటికీ దగ్గర నిలబడేవాళ్లం. గేటు దగ్గరికి ఆడవాళ్లు రొట్టెలు మోసుకెళ్లేవాళ్లు. నేనూ ఒకరోజు మోసుకెళ్లాను."

"ఏ రొట్టె?" అన్నాను.

"రై," అంది. "ఇంకేం దొరుకుతుంది?"

దీనమ్మ అన్నం పెట్టుకోమని పిలిచింది. కాసేపు ఆగమన్నాను. ఆ రొట్టెలు ఎవరు కాల్చారు, పిండి ఎక్కడిది, గేటు దగ్గర ఎవరు అందుకున్నారు, ఒక్కొక్కటే అడుగుతూ కూర్చున్నాను.